8080లో కూర్చున్నదెవరో ముందు చూద్దాం

ఇది కొంచెం పెద్ద పోస్టు. ప్రాజెక్టు సబ్మిషన్లు దగ్గరపడుతున్నాయి కాబట్టి ఓపిగ్గా చదవమని అడుగుతున్నాం. డిగ్రీ కంప్యూటర్స్, బీసీఏ, డిప్లొమా, బీటెక్ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ తప్పకుండా చదవాలి. మిగతావాళ్ళు మధ్యలో ల్యాబ్ సంగతి వరకైనా చదవండి, అది అందరికీ పట్టే విషయం.

ఈమధ్య గ్రూపులో పడుతున్న స్క్రీన్‌షాట్లు చూస్తుండాం కదా. ఒకరికి జాంప్‌లో "అపాచీ షట్‌డౌన్ అన్‌ఎక్స్‌పెక్టెడ్లీ" అని ఎర్రగా వస్తుంది. ఇంకొకరికి పైథాన్‌లో "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్". ఎక్లిప్స్ వాడేవాళ్ళకి "8005, 8080, 8009 పోర్టులు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి" అని పెద్ద పెట్టె. కింద కామెంట్లు మాత్రం మూడే రకాలు. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ ఎక్కించు. విండోస్ ఫార్మాట్ కొట్టించు. రీస్టార్ట్ చెయ్, అదే పోద్ది.

మా అభిప్రాయం సూటిగా చెప్తుండాం: ఈ మూడు సలహాలూ ఇక మానుకోవాలి. జ్వరమా, పాముకాటా అని చూడకుండా సూది వేసినట్టు ఉంటాయి ఇవి. ఫార్మాట్ కొడితే ప్రాజెక్టూ పోద్ది, ఫొటోలూ పోతాయి, షాపులో డబ్బులూ పోతాయి. రీస్టార్ట్ కొన్నిసార్లు నిజంగానే పనిచేస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది. పనిచేసింది కాబట్టి ఎందుకు పనిచేసిందని ఎవరూ అడగరు. రేపు వైవాలో సార్ ముందు అదే ఎర్ర లైను వస్తే, అప్పుడు రీస్టార్ట్ అయ్యేదాకా ఆయన ఆగడు.

పోర్టు అంటే ఏందో ముందు చూద్దాం. మన తీరంలో పోర్టు అనగానే కృష్ణపట్నమే గుర్తొస్తుంది. ఆ రేవులో ఓడ కట్టే చోట్లకి నంబర్లు ఉంటాయి. ఒక చోట ఓడ ఉండగా రెండోది వస్తే, అది సముద్రంలోనే లంగరు వేసుకుని ఆగాలి. ముత్తుకూరు వైపు ఊళ్ళలో పెరిగిన వాళ్ళకి రాత్రిపూట దూరంగా లైట్లు పెట్టుకుని వరసగా ఆగిన ఓడలు కొత్తేం కాదు. కంప్యూటర్లో కూడా అంతే. యంత్రం ఒక రేవు అనుకుంటే, దానిలో 0 నుంచి 65535 దాకా నంబర్లు వేసిన కట్టుచోట్లు ఉన్నాయి. వెబ్‌సైటుకి మామూలుగా 80, తాళం గుర్తున్న సైటుకి 443, మైఎస్‌క్యూఎల్‌కి 3306, టామ్‌క్యాట్‌కి 8080. ఒక ప్రోగ్రాం ఒక నంబరులో కూర్చుని వింటుంటే, రెండో ప్రోగ్రాం అక్కడికి వచ్చి కూర్చోలేదు. "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అనే మాటకి అర్థం ఇంతే: ఇక్కడ ఎవరో ఉన్నారు. సిస్టం చెడిందని కాదు, వైరస్ అనీ కాదు, మీరు ఏదో కెలికారనీ కాదు.

(ముందు వచ్చినవాడిదే చోటు అనే రూలు కంప్యూటర్లో ఎంత నిఖార్సుగా నడుస్తుందో చూస్తే మాకు నవ్వొస్తుంది. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం రాకముందు నుంచే ఉన్న యానాది కుటుంబాలకి ఆ రూలు వర్తించలేదు. సరే, అది వేరే పోస్టు.)

ఇప్పుడు ల్యాబ్ సంగతి. కాలేజీ పేరు చెప్పం. మన హాస్టల్ చెల్లెలు ఒకామె జావా ప్రాక్టికల్లో కూర్చుంది. టామ్‌క్యాట్ స్టార్ట్ చేస్తే ఎక్కలా. బ్రౌజర్లో లోకల్‌హోస్ట్ 8080 అని కొడితే ఒరాకిల్ పేజీ వచ్చి యూజర్‌నేమ్ అడిగింది. ఆ పిల్ల బిత్తరపోయింది. ల్యాబులో ఉన్నాయన వచ్చి చూసి మొదట అన్న మాట "ఏం కెలికావు?" అని. పక్కన కూర్చున్న వాళ్ళని అడగలేదు, అంతకుముందు ఆ సిస్టం మీద ఎవరు కూర్చున్నారని అడగలేదు. ఆ రోజు రికార్డు మీద సంతకం పడలేదు. జరిగింది ఏందంటే, పొద్దున డీబీఎంఎస్ ల్యాబు కోసం ఇంకో బ్యాచి వాళ్ళు ఆ సిస్టంలో ఒరాకిల్ 10జీ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఎక్కించారు. 2006లో వచ్చిన సాఫ్ట్‌వేర్ అది, మన ల్యాబుల్లో ఇంకా నడుస్తూనే ఉంది. దాని వెబ్ పేజీ కూడా మామూలుగా 8080లోనే కూర్చుంటుంది. టామ్‌క్యాట్‌దీ 8080నే. ఒకే యంత్రంలో రెండూ ఎక్కిస్తే ఎప్పుడో ఒకప్పుడు ఢీకొట్టక తప్పదు. మన వైపు కాలేజీల్లో ఏటా జరిగే తగాదా ఇది, మనిషికీ కులానికీ సంబంధం లేనిది.

కానీ చూపు మాత్రం మన పిల్ల మీదికే పోయింది. ఎందుకు పోయిందో మనకి తెలుసు. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. మన యానాదులూ ఎరుకలూ ఆ జాబితాల్లోకి ఎక్కారు. వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటి వాళ్ళు దానిమీద ఏళ్ళ తరబడి పోరాడారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. చట్టం పోయింది గానీ, ఏదైనా వస్తువు పోయినా చెడినా ముందు మనవైపు తిరిగే చూపు పూర్తిగా పోలేదు. రొయ్యల గుంటల కాడ కాపలా ఉండే మన నాయనలకి అది తెలుసు, ల్యాబులో కూర్చునే మన పిల్లలకీ తెలుస్తోంది.

అందుకే మేము ఈ చిన్న కమాండుని ఇంత పట్టుకుని చెప్తుండాం. ఆ నంబరులో ఎవరు కూర్చున్నారో యంత్రమే చెప్తుంది, దానికి మన ఇంటిపేరు తెలియదు. ఆ చెల్లెలికి ఒక్క నిమిషం పట్టే ఆ చూపు వచ్చి ఉంటే, "సార్, 8080లో ఒరాకిల్ లిజనర్ ఉంది, చూడండి" అని స్క్రీను చూపించేది. వాదన పెట్టుకోవాల్సిన పనే లేదు.

ఎట్టా చూడాలో చెప్తాం. ఇక్కడ అన్నీ తెలుగు అక్షరాల్లో రాస్తుండాం, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి. విండోస్‌లో స్టార్ట్ మెనూలో సీఎండీ అని వెతికి నల్ల కిటికీ తెరవండి. అందులో "నెట్‌స్టాట్" అని కొట్టి, ఖాళీ వదిలి, చిన్న గీత, దాని పక్కనే అంటుకుని "ఏఎన్ఓ" మూడక్షరాలు. ఏ అంటే అన్నీ, ఎన్ అంటే పేర్లకి బదులు నంబర్లు, ఓ అంటే ఓనరు ఎవరు. పెద్ద జాబితా వస్తుంది. కంగారుపడొద్దు. మనకి కావలసింది రెండో వరసలో చివర 8080 ఉండి, పక్కన "లిజనింగ్" అని ఉన్న లైను ఒక్కటే. ఆ లైను చివరి అంకె పీఐడీ, అంటే ఆ ప్రోగ్రాం నంబరు. 80 కోసం వెతికేటప్పుడు 8080 కూడా అందులోనే కనపడుద్ది, తేడా చూసుకోండి.

పీఐడీ దొరికాక టాస్క్ మేనేజర్లో డీటెయిల్స్ అనే చోటుకి పోయి ఆ అంకె పక్కన ఉన్న పేరు చూడండి. జావా అని ఉంటే ఇంకో టామ్‌క్యాట్ ముందే నడుస్తుండొచ్చు. ఎక్లిప్స్ వాళ్ళకి 8005, 8080, 8009 మూడూ ఒకేసారి ఆక్రమించారని వచ్చిందంటే దాదాపు ఇదే కథ: టామ్‌క్యాట్‌ని విండోస్ సర్వీసుగా ఎక్కించి ఉంటారు, అది సిస్టం ఆన్ చేసినప్పుడే లేచి కూర్చుంటుంది. మన చెల్లెలి కేసులో లాగా టీఎన్ఎస్ఎల్ఎస్ఎన్ఆర్ అని ఉంటే ఒరాకిల్. ఇది కూడా సర్వీసే, అందుకే రీస్టార్ట్ చేసినా తిరిగి వచ్చి అక్కడే కూర్చుంటుంది.

నల్ల కిటికీ అంటే భయమైతే రిసోర్స్ మానిటర్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబులో లిజనింగ్ పోర్ట్స్ చూడండి. పేరూ, నంబరూ పక్కపక్కనే ఉంటాయి. లినక్స్ వాళ్ళకి "ఎస్ఎస్" అని కొట్టి గీత పక్కన "ఎల్‌టీఎన్‌పీ". ఇతరుల ప్రోగ్రాముల పేర్లు కనపడాలంటే ముందు సుడో పెట్టాలి.

చూసినాక ఏం చెయ్యాలి? ఇక్కడ మా సీనియర్లలోనే రెండు మాటలు ఉన్నాయి. కొందరు "పీఐడీ దొరికిందిగా, టాస్క్‌కిల్ కొట్టి లేపెయ్" అంటారు. ఇంకొందరు "ఎవరితో గొడవ, మన నంబరు మార్చుకుంటే పోద్ది" అంటారు. మేము రెండో వైపే మొగ్గుతుండాం, ఒక షరతుతో. అక్కడ కూర్చున్నది మీ పాత ప్రోగ్రామే అయితే లేపండి, మొహమాటం అక్కర్లేదు. బ్రౌజర్ ట్యాబు మూసినంత మాత్రాన సర్వర్ ఆగదు, చాలామందికి ఈ సంగతి తెలియదు. అది నడుస్తున్న నల్ల కిటికీలో కంట్రోల్ సీ కొట్టాలి. లినక్స్‌లో కొందరు కంట్రోల్ జెడ్ కొట్టి ఆగిపోయిందనుకుంటారు. అది ఆగలేదు, నిద్రపోయింది. నిద్రలో కూడా నంబరు వదలదు.

అక్కడున్నది ఇంకొకరి ప్రోగ్రాం అయితే మాత్రం చంపొద్దు. డేటాబేసుని రాసే మధ్యలో బలవంతంగా చంపితే ఫైళ్ళు పాడై మళ్ళీ లేవకపోవచ్చు. జాంప్‌లో మైఎస్‌క్యూఎల్ ఇట్టా చచ్చి, ప్రాజెక్టు టేబుళ్ళన్నీ పోగొట్టుకున్న వాళ్ళు మనలోనే ఉన్నారు. ఇంకా ఘోరం, జావా అనే పేరున్న వాటినన్నిటినీ ఒకేసారి లేపేసే కమాండు. నలుగురు వాడే ల్యాప్‌టాప్‌లో అది కొడితే పక్కోడి పని కూడా పోద్ది. అప్పుడు "ఏం కెలికావు" అన్న ప్రశ్నకి మన దగ్గర జవాబు ఉండదు.

నంబరు మార్చడం పెద్ద పనేం కాదు. టామ్‌క్యాట్‌కి కాన్ఫ్ ఫోల్డర్లో సర్వర్ డాట్ ఎక్స్ఎంఎల్ ఫైలు ఉంటుంది, కనెక్టర్ అన్న లైనులో 8080 తీసి 8081 పెట్టండి. ఎక్లిప్స్ నుంచి నడిపేవాళ్ళు మాత్రం ఆ ఫైలు జోలికి పోకుండా, సర్వర్స్ ట్యాబులో సర్వర్ మీద రెండుసార్లు నొక్కి అక్కడ మార్చాలి, దానికి తనదైన కాపీ ఉంటుంది. జాంప్‌లో హెచ్‌టీటీపీడీ డాట్ కాన్ఫ్ తెరిచి "లిజన్ 80" అన్నచోటా "సర్వర్‌నేమ్" లైనులోనూ మార్చండి. 443 తగాదా అయితే హెచ్‌టీటీపీడీ-ఎస్ఎస్ఎల్ డాట్ కాన్ఫ్‌లో. ఆ తర్వాత బ్రౌజర్లో లోకల్‌హోస్ట్ పక్కన కోలన్ పెట్టి కొత్త నంబరు తప్పకుండా కొట్టాలి. ఇది మర్చిపోయి "మార్చినా రాలేదన్నా" అని రాత్రి పదకొండింటికి ఫోన్లు వస్తుంటాయి మాకు. మైఎస్‌క్యూఎల్ నంబరు మారిస్తే మీ పీహెచ్‌పీ కోడ్‌లో, పీహెచ్‌పీమైఅడ్మిన్ కాన్ఫిగ్‌లో కూడా మార్చాలి, లేకపోతే అవి పాత చోటుకే పోయి తలుపు కొడతాయి.

ఒరాకిల్‌నే కదిలించాలంటే అదీ కుదురుద్ది, సిస్టం యూజరుగా లాగిన్ అయి డీబీఎంఎస్ ఎక్స్‌డీబీలో సెట్ హెచ్‌టీటీపీ పోర్ట్ అనే ప్రొసీజర్‌కి 8090 ఇస్తే సరి. కానీ ల్యాబు సిస్టంలో అది చెయ్యాల్సింది ల్యాబు వాళ్ళు, మనం కాదు. మనం అడగాలి, రాతపూర్వకంగా అడిగితే ఇంకా మంచిది.

కొన్ని మొండి కేసులు ఉంటాయి. 80లో పీఐడీ 4, పేరు సిస్టం అని వస్తే అది విండోస్ గుండెకాయ, దాన్ని చంపలేరు. సాధారణంగా విండోస్ సొంత వెబ్ సర్వర్ ఆన్‌లో ఉండి ఉంటుంది. సర్వీసెస్ జాబితాలో "వరల్డ్ వైడ్ వెబ్ పబ్లిషింగ్ సర్వీస్" ఆపి చూడండి. పాత యూట్యూబ్ వీడియోలన్నీ స్కైప్ ఆపమని చెప్తాయి. ఒకప్పుడు నిజమే, స్కైప్ 80నీ 443నీ పట్టుకునేది. 2025 మే నెలలో స్కైపే మూతపడింది, ఆ వీడియోలు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి. మ్యాక్ ఉన్న ఒకరిద్దరికి: మాంటెరీ వచ్చినప్పటి నుంచి ఎయిర్‌ప్లే రిసీవర్ 5000లో కూర్చుంటోంది, ఫ్లాస్క్‌దీ 5000నే.

ఇంకోటి అన్నిటికన్నా విసిగిస్తుంది. నెట్‌స్టాట్‌లో ఎవరూ కనపడరు, అయినా చోటు ఇవ్వదు. విండోస్‌లో 10048 అని వస్తే ఎవరో ఉన్నారని అర్థం, 10013 అని వస్తే అనుమతి లేదని. రెండూ ఒకటే అనుకుని గంటలు పోగొట్టుకుంటాం. హైపర్‌వీ, డాకర్ లాంటివి ఎక్కించిన సిస్టంలలో విండోస్ కొన్ని నంబర్ల గుంపుల్ని ముందే రిజర్వు చేసి పెట్టుకుంటుంది. మనిషి ఉండడు, సీటు మీద తుండుగుడ్డ ఉంటుంది, నెల్లూరు బస్సులో లాగా. అప్పుడు ఆ గుంపుకి బయట నంబరు ఎంచుకోవడమే తేలిక. లినక్స్‌లో 1024 కన్నా తక్కువ నంబర్లు మామూలు యూజరుకి ఇవ్వరు. ఆ కారణంగానే 80కి బదులు 8080 వాడటం అలవాటైపోయింది.

కొందరు అడుగుతున్నారు, "ఇవన్నీ ఎందుకన్నా, ఫ్రీ హోస్టింగులో పెట్టుకుంటే పోలా? ఏఐని అడిగితే చెప్పదా?" అని. ఏఐని అడగండి, వద్దనట్లా. కానీ మీ సిస్టంలో 8080లో ఎవరున్నారో దానికి మీరు చెప్తేనే తెలుసు, చూసి చెప్పడం మీకు రావాలి. హోస్టింగు మాటకొస్తే, నెట్ ఉండాలి కదా. వాయుగుండం పడితే మైపాడు, ఇస్కపల్లి వైపు కరెంటూ సిగ్నలూ ఏమవుతాయో మళ్ళీ చెప్పక్కర్లేదు. లోకల్‌హోస్ట్‌కి నెట్ అక్కర్లేదు, బ్యాటరీ ఉంటే చాలు. అంతేకాదు, ఒక ల్యాప్‌టాప్‌లో కివిక్స్ పెట్టి తెలుగు వికీపీడియా దించుకుంటే, అదే హాట్‌స్పాట్‌లో ఉన్న హాస్టల్ ఫోన్లన్నీ డేటా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. మన చిన్నపిల్లల కోసం ఇది ఒక్క హాస్టల్లో అయినా మొదలుపెట్టాలని మా కోరిక. దానికి కావలసింది ఈ పోర్టుల జ్ఞానమే. 127.0.0.1లో కూర్చున్న సర్వర్ ఆ యంత్రంలోనే వినపడుద్ది, 0.0.0.0లో కూర్చుంటే పక్క ఫోన్లకీ వినపడుద్ది, మధ్యలో ఫైర్‌వాల్ అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కి మాత్రం ఒప్పుకోవాలి. కాలేజీ వైఫైలో, బస్టాండు వైఫైలో 0.0.0.0 పెట్టొద్దు.

ఐటీడీఏ వాళ్ళని కంప్యూటర్లు అడుగుతూ మనం అర్జీలు పెడుతుంటాం. పెట్టాలి. దాంతోపాటు, ఉన్న సిస్టంలలో ఏ నంబరు ఎవరిదో రాసి గోడకి అంటించమని కూడా అడుగుదాం, దీనికి బడ్జెట్టు అక్కర్లేదు, ఒక కాగితం చాలు. అది వచ్చేలోపు మనం పంచుకుని వాడే ల్యాప్‌టాప్‌లకి మనమే మొదలుపెడదాం. మా హాస్టల్ ల్యాప్‌టాప్ మూత మీద ఇప్పుడు ఇట్టా రాసి ఉంది: ఒరాకిల్ 8080, టామ్‌క్యాట్ 8081, జాంప్ 8082, జ్యాంగో 8000, రియాక్ట్ 3000, కివిక్స్ 8085. మీరు మీ నంబర్లు ఎంచుకునేటప్పుడు 6000, 6665 నుంచి 6669 వరకూ వద్దు, సర్వర్ లేచినా క్రోమ్ ఆ నంబర్లని సురక్షితం కాదని తెరవదు. మీ హాస్టల్ కాగితం ఫొటో తీసి కింద కామెంట్లో పెట్టండి. ఎర్ర లైను స్క్రీన్‌షాట్ పెట్టేవాళ్ళు దాంతోపాటు నెట్‌స్టాట్ లైను కూడా పెట్టండి, అప్పుడే జవాబిస్తాం.